గేటు మీద నమ్మకం లేని మనిషి

నోరిస్ అక్రాయిడ్‌కి అందరి మీదా నమ్మకమే. గంటకో రకంగా మారే యార్క్‌షర్ వాతావరణంలో పుట్టి పెరిగి కూడా రేడియోలో చెప్పే వాతావరణాన్ని నమ్ముతాడు. నమ్మనిదల్లా ఒక్కటే: తన చేత్తో తను వేసిన గేటు. ఎవరి పొలంలోంచి నడిచినా గేటు తీసి, దాటి, వేసి, గొళ్ళెం పెట్టి, ఓసారి ఊపి చూసి బయల్దేరతాడు. పట్టుమని పది అడుగులు వెయ్యకముందే ఠక్కున ఆగిపోతాడు.

"గేటు వేశానంటారా?"

"వేశావు."

"గొళ్ళెం పడిందా?"

"పడింది నాయనా. చప్పుడు మా అందరికీ వినపడింది."

"అయినా ఎందుకైనా మంచిది, చూసొస్తా. మీరు నడుస్తూ ఉండండి."

పోనీ అతనికేమైనా గొర్రెలున్నాయా అంటే, చలికోటుకున్న ఉన్ని తప్ప ఇంకేమీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తివాచీల మిల్లులో చేశాడు. పెళ్ళినాడు చర్చి నుంచి విందుకు వెళ్తూ దారిలో కారాపించి, చర్చి గేటు చూసి రావడానికి సూటూబూటుతో వెనక్కి నడిచాడు. తిరిగొచ్చేసరికి పెళ్ళికూతురు పెగ్గీ ఆకలికి తాళలేక విందు కోసం పట్టుకెళ్తున్న పోర్క్ పై, అదే పందిమాంసం కూరిన రొట్టె, సగం తినేసింది. "నేను పోతే స్వర్గం దాకా దిగబెట్టడానికి వస్తాడు. నన్ను లోపలికి తోసి, గేటు ఊపుతూ అక్కడే నిలబడిపోతాడు" అంటుంది పెగ్గీ ఇప్పటికీ. ఆవిడ అతనితో నడకలకు రాదు. కారణం చెప్పనక్కర్లేదు.

ఆగస్టులో కొండబీళ్ళ మీద హెదర్ పొదలు ఊదారంగున విరబూసినప్పుడు, నలుగురు స్నేహితులు కలిసి కొన్ని రోజులపాటు నడవడం ఏళ్ళ నాటి అలవాటు. రాత్రిళ్ళు దారిలో ఏదో ఒక పబ్బు మేడ మీద పడక. సంచులు వ్యాన్‌లో ముందే వెళ్ళిపోతాయి. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన బెరిల్ మ్యాపు మెడలో వేసుకుని అందర్నీ నడిపిస్తుంది. ఒకప్పుడు బేకరీ నడిపిన క్లిఫర్డ్‌ది తిండి శాఖ. మూడో మనిషి నోరిస్. నాలుగో మనిషి మేవిస్. కిందటేడు మోకాలి ఆపరేషన్ వల్ల రాలేక, ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని నలభై ఏళ్ళుగా కలిసి నడిచిన ఆ స్నేహితుల్ని తిట్టుకుంటూ గడిపింది.

ఈసారి కొత్త మోకాలితో వచ్చింది. అన్నిటికన్నా పొడుగు నడక ఉన్న రోజు, పొద్దున్న గుడ్లూ సాసేజీలూ తింటూ మేవిస్ ఒక ప్రకటన చేసింది.

"ఇవాళ నేను అందరికన్నా చివర చేరానా, రేపు సంచులతోపాటు వ్యానెక్కేస్తా. మళ్ళీ ఈ నడకల మాటెత్తను. మీకు గుదిబండలా వేలాడ్డం నావల్ల కాదు."

"అలా అంటావేం?" అన్నాడు క్లిఫర్డ్.

"అననీ. నియమం బాగుంది" అంది బెరిల్. నియమం ఏదైనా బెరిల్‌కి బాగానే ఉంటుంది.

నోరిస్ టోస్టుకి వెన్న రాసుకుంటూ ఉండిపోయాడు.

ఊరి చివరి పొలాలన్నీ గేట్లే. నోరిస్ ప్రతిదానికీ వెనక్కి వెళ్ళి వచ్చాడు. గొర్రెలు కూడా అతన్ని చూసి మొహం తిప్పుకున్నాయి. మేవిస్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తనకంటే వెనకబడేవాడు ఒకడున్నాడు! అందుకని హాయిగా, అందరికన్నా గట్టిగా తనే వెక్కిరించింది.

"ఏవోయ్ నోరిస్, ఆ గేటుని కూడా భుజాన వేసుకొచ్చెయ్యరాదూ? మాటిమాటికీ పోయే పని తప్పుతుంది!"

"బరువు కదా, మేవిస్" అన్నాడతను నిజంగానే ఆలోచించినట్టు.

చివరి రాతిగోడ పక్కన కూర్చుని జున్నుముక్కతో పళ్ళ కేకు తిన్నారు. అక్కడి నుంచి పొలాలు అయిపోయి బీడు మొదలైంది. ఎటు చూసినా హెదర్, ఆకాశం, మధ్యలో సన్నటి బాట. కాలి కిందనుంచి గ్రౌస్ పిట్టలు తిట్టుకుంటూ లేచాయి. నల్లటి బురద బూట్లు పట్టుకుని వదల్లేదు. మేవిస్ మోకాలు వాచింది. తల దించుకుని, అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకోవడమే సరిపోయింది. దూరంగా బెరిల్ ఎర్రటోపీ చిన్న చుక్కయింది. దాని పక్కన క్లిఫర్డ్ అంత దూరాన కూడా ఏదో నములుతూనే కనిపించాడు.

వెనక బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. నోరిస్! పొడుగు కాళ్ళవాడు, ఇంకో నిమిషంలో దాటేస్తాడు. రేపు వ్యాన్, ఆ తర్వాత మళ్ళీ కిటికీ. మేవిస్ పళ్ళు బిగించి వేగం పెంచబోయింది. మోకాలు ఒప్పుకోలేదు.

"అయ్యో, గేటు!" అని వెనకనుంచి కేక.

"వేశావయ్యా మహానుభావా!"

"అనుమానంగా ఉంది. నువ్వు నెమ్మదిగా పద." చప్పుడు వెనక్కి మళ్ళింది.

మేవిస్ ఆగి, నీళ్ళు తాగి, కాలు రుద్దుకుని కదిలింది. కాసేపటికి మళ్ళీ బూట్లు, మళ్ళీ గేటు. మధ్యాహ్నమంతా అలాగే సాగింది. ఇంత పిచ్చివాడిని పుట్టించినందుకు దేవుడికి మనసారా దండం పెట్టుకుందామె.

పొద్దు వాలుతుండగా కాళ్ళీడ్చుకుంటూ బీడు దిగింది. పబ్బు ముందు గోడ మీద బెరిల్, క్లిఫర్డ్ కూర్చుని ఉన్నారు.

"నేను చివర కాదు!" అని దూరం నుంచే అరిచింది మేవిస్. "వాడింకా రాలేదు. గేటు చూడ్డానికి వెనక్కి పోయాడు."

"ఏ గేటు?" అంది బెరిల్.

క్లిఫర్డ్ మోచేత్తో పొడిచాడు గానీ ఆలస్యమైపోయింది. బెరిల్ మ్యాపు విప్పి, వేలు పెట్టి చూపించేసింది.

"కేకు తిన్న గోడ దాటాక గేటెక్కడిది? ఇక్కడి దాకా గోడ లేదు, కంచె లేదు, పాతిన గుంజ ఒక్కటి లేదు."

మేవిస్ గోడ మీద కూలబడింది. ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి బీడు వైపు చూసింది. అంత బీడూ ఆ మనిషి తన కోసం ముందుకీ వెనక్కీ నడిచాడు, తను వాణ్ణి పిచ్చివాడనుకుంది.

మోకాళ్ళ దాకా బురదతో నోరిస్ వచ్చాడు.

"గేటు వేసే ఉందా?" అంది మేవిస్.

"ఆఁ, వేసే ఉంది. గట్టిగా."

"సిగ్గులేకపోతే సరి! బీడులో గేటే లేదటగా?"

నోరిస్ చెవులు ఎర్రబడ్డాయి. "అదే నాకూ ఆశ్చర్యం. అంత పెద్ద బీడు... ఒక్క గేటైనా పెట్టుండాల్సింది."

"అయితే చివర వచ్చింది నేనే" అంది మేవిస్.

"కాదు" అంది బెరిల్. "నా కళ్ళతో చూశాను, చివర వచ్చింది నోరిస్. నియమం నియమమే. రేపు వ్యాన్‌లో నోరిస్ వెళ్తాడు."

"అలాగే" అన్నాడు నోరిస్ తలొంచుకుని. "సంచుల పక్కన కాస్త చోటిస్తే చాలు."

"నోరు ముయ్యండి ఇద్దరూ!" అని లేచింది మేవిస్. "వాడు ఎక్కడు. నేనూ ఎక్కను. రేపు అందరికన్నా చివర నడిచేది నేను. నా ఇష్టమైనంత నెమ్మదిగా నడుస్తా. ఎవరికైనా అభ్యంతరమా?"

క్లిఫర్డ్ జేబులోంచి ఆఖరి కేకుముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. తిండి విషయంలో అతను ఇంతవరకూ ఎవరికీ చూపించని మర్యాద అది.

"నువ్వు నా పక్కన నడువు" అంది మేవిస్ నోరిస్‌తో. "వెనకనుంచి మాట్లాడితే మెడ తిప్పలేక చస్తున్నా."

లోపల మాంసం కూర పొగలు కక్కుతోందని బెరిల్ తొందర పెట్టింది. గుమ్మం దగ్గర నోరిస్ అలవాటుగా పక్కకి తప్పుకుని, ముందు నువ్వు వెళ్ళు అన్నట్టు చెయ్యి చూపించాడు. మేవిస్ అతని కోటు పట్టుకుని లోపలికి ఒక్క తోపు తోసి, కుంటుకుంటూ, తలెత్తుకుని, అందరికన్నా చివర లోపలికి నడిచింది.