నీలం దారం ముడి

ఎదిల్సా పాడీయా ఇంటి కిటికీకి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. "బోలి ఉంది, రాయిలాంటిది" అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో అట్టలు చాలా మారాయి గానీ ఆ మాట మారలేదు. బోలి అంటే పెద్ద విద్యేమీ కాదు. పళ్ళరసాన్ని వేలెడు లావు ప్లాస్టిక్ సంచిలో పోసి, ముడేసి, గడ్డ కట్టించడమే. రెబోలో పేటలో ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇల్లాలూ ఎప్పుడో ఒకప్పుడు బోలి అమ్మినదే. కానీ ఎదిల్సా పద్ధతి వేరు. రెండు బోలీలు తీసి ఒకదానికొకటి కొట్టి చూస్తుంది. టకటకమంటేనే చేతిలో పెడుతుంది. చప్పుడు రాకపోతే, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి వచ్చినవాడినైనా సరే, సాయంత్రం రమ్మని పంపేస్తుంది.

జనవరి మొదట్లో, ముగ్గురు రాజుల పండుగ మర్నాడు ఆమె ఫ్రిజ్ ఆగిపోయింది. మొగుడి కంటే ఎక్కువ కాలం కాపురం చేసిన ఫ్రిజ్ అది. మరమ్మతు చేసే అబెలార్దో వచ్చి, వెనక కాసేపు తట్టి, చెవి ఆనించి విని, కంప్రెసర్ పోయిందమ్మా, దీనికో కొవ్వొత్తి వెలిగించడమే ఇక మిగిలింది అన్నాడు. వీధి ఊరేగింపుల కార్నివాల్‌కు ఇంకా ఐదు వారాలు ఉంది. ఆ నాలుగు రోజుల అమ్మకాలతోనే ఎదిల్సా పిల్లను చదివించింది, ఇంటికి కప్పు వేయించింది. గడిచిన మూడు కార్నివాళ్ళలో మిగుల్చుకున్నదంతా బిస్కెట్ డబ్బాలో ఉంది. దానితో ఒక ఫ్రిజ్ వస్తుంది. అది తప్పుడు ఫ్రిజ్ అయితే రెండోది కొనే దారి లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు కనుకనే వారం రోజులు అన్నం సయించలేదు.

కూతురు యురానిస్ బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. ఫోను తెచ్చి, కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ తల్లికి చదివి వినిపించింది. ఒకావిడ ఫ్రిజ్ చాలా అందంగా ఉందనీ, వంటింటికి కళ వచ్చిందనీ రాసింది. ఒకాయన చెప్పిన రోజుకే తెచ్చి ఇచ్చారు, ఇంకా ప్లగ్గు పెట్టలేదు అని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. ఇంకొకడు తెచ్చినవాడు పొగరుగా మాట్లాడాడని ఒక్క నక్షత్రం ఇచ్చాడు. మూడు రకాల ఫ్రిజ్‌ల కింద ముగ్గురు వేరువేరు మనుషులు ఒకటే వాక్యం, ఒకటే అక్షరం తప్పుతో సహా, రాసిపెట్టారు.

ఎదిల్సాకు ఒళ్ళు మండిపోయింది. "పెళ్ళయిన గంటకే కాపురం ఎలా ఉందో రాసేస్తారా వీళ్ళు? మధ్యాహ్నం మూడింటికి కరెంటు నీరసించిపోయినప్పుడు ఆ ఫ్రిజ్ ఏం చేస్తుందో ఒక్కడైనా రాశాడా?"

ఎవ్వరూ రాయలేదని యురానిస్ ఒప్పుకుంది.

పేటలో అడిగితే అదింకా ఘోరం. ప్రతివాళ్ళకూ తమ ఫ్రిజ్ బంగారమే. మూలవీధి ఆవిడైతే తన ఫ్రిజ్‌ను అరగంట పొగిడి, దాంట్లోంచే తీసి గోరువెచ్చటి నీళ్ళు ఇచ్చింది. ఎదిల్సా తాగేసి, బాగున్నాయి అని చెప్పి వచ్చింది. ఉన్నదంతా పోసి కొన్నాక మోసపోయానని ఎవరు నోరు విప్పి చెప్పుకుంటారు? పోనీ అబెలార్దోను అడిగితే, ఏది మంచిదో నాకేం తెలుసమ్మా, నా దగ్గరికి వచ్చేవన్నీ చెడిపోయినవే కదా అన్నాడు. ఆ వారం మొత్తంలో నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఇక మిగిలింది నూబియా.

నూబియా ఎదిల్సాకు కొమాద్రె. జ్ఞానస్నానం నాడు యురానిస్‌ను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి. బిడ్డను పట్టుకున్న మనిషికీ కన్న మనిషికీ మధ్య ఆ రోజు కుదిరే చుట్టరికం తోడబుట్టినదానికంటే గట్టిది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రె అనే పిలుచుకోవాలి. పరాయి ఆడవాళ్ళను పిలిచినట్టు సెన్యోరా అనో, పేరు పెట్టో పిలిచారంటే ఏదో తెగిపోయిందని వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ ఇద్దరి మధ్యా అది ఒక్కసారి కూడా జరగలేదు. ఎదిల్సా మొగుడు పోయినప్పుడు, ప్రార్థనకు కూర్చున్న తొమ్మిది రాత్రులూ వచ్చినవాళ్ళకు కాఫీ కాచి పోసింది నూబియానే.

అలాంటి నూబియా ఆరు నెలల కిందట కొత్త ఫ్రిజ్ కొంది. వెండి రంగుది, తలుపు మీద మంచుకొండ బొమ్మ ఉంటుంది. గురువారం మధ్యాహ్నం తానే కబురు పెట్టి ఎదిల్సాను పిలిపించుకుంది. "అనవసరంగా ఊరంతా తిరుగుతున్నావు కొమాద్రే. నా ఇంట్లో ఉన్నదాన్ని చూసిపో, చాలు. నేను నీకు అబద్ధం చెప్తానా?"

ఫ్రీజర్ తెరిచి, అటు తిరిగి, లోపల ఏదో చేసి, ఒక కొబ్బరి బోలి తీసి ఇచ్చింది. ఎదిల్సా దాన్ని మేజాబల్ల అంచుకు కొట్టి చూసింది. టకటక. నిజంగానే రాయి.

ఒక్క విషయం మాత్రం ఆమెకు వింతగా తోచింది. నూబియా దాన్ని ముడి దగ్గర కత్తెరతో కత్తిరించి ఇచ్చింది. బోలిని ఎవరైనా కత్తెరతో కత్తిరిస్తారా? ముడి పిడికిట్లో పట్టుకుని కింది మూల పంటితో కొరికి తినడం పాకే పిల్లకు కూడా తెలుసు. ముడి ఉండటమే పట్టుకోవడానికి. ఇంటికి వచ్చిన మనిషినని మర్యాద చేస్తోంది కాబోలు అనుకుని ఎదిల్సా లోలోపల మురిసిపోయింది. ముడి ఏదని అడగలేదు. కొమాద్రె పెట్టినదాన్ని తిరగేసి చూసే అలవాటు ఆ పేటలో లేదు.

మర్నాడే ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. అమ్మేవాడు నూబియాను చూడగానే లేచి నిలబడి కుర్చీ వేశాడు. దానికీ ఎదిల్సా సంతోషపడింది. తన కొమాద్రెకు ఎంత విలువో అనుకుంది. మంచుకొండ ఫ్రిజ్ కావాలని చెప్పి బిస్కెట్ డబ్బా ఖాళీ చేసి వచ్చింది. నాలుగు రోజులకు ఫ్రిజ్ వచ్చింది. అట్టపెట్టెకు ఒకవైపు టేపు రెండు వరుసలు వేసి ఉంది. జాగ్రత్తపరులు అనుకుంది.

మొదటి వారం బోలి గడ్డకట్టడానికి రెండు రోజులు పట్టింది. అదీ రాయి కాదు, నొక్కితే వేలు దిగుతుంది. దుకాణంవాడు కొత్త యంత్రం కదా, కుదురుకోవాలి అన్నాడు. నూబియా కూడా అదే పాట పాడింది. నాదీ మొదట్లో అంతే కొమాద్రే, నెల పడుతుంది, కంగారు పడకు అంది. నూబియా చెప్పింది కదా అని ఎదిల్సా కంగారు పడటం మానేసింది.

కార్నివాల్ శనివారం పొద్దున ఫ్రీజర్ నిండా రెండు వందల బోలీలు ఉన్నాయి. రెండు తీసి కొట్టింది. టక అనలేదు, తప్ అంది. ఇంకో రెండు తీసింది. అవీ అంతే. ఇరవై రెండేళ్ళలో మొదటిసారిగా ఎదిల్సా ఆ చప్పుడు వినీ విననట్టు థర్మోకోల్ పెట్టె నింపింది. ఏం చేస్తుంది మరి? ఊరేగింపు ఆగదు కదా.

ఊరేగింపు దారిలో తన మామూలు చోట కూర్చుంది. పన్నెండింటికల్లా కొబ్బరివి కరిగిపోయాయి. ఒంటిగంటకు చింతపండువి. కార్నివాల్ ఆటలో ముఖమంతా మొక్కజొన్న పిండి పూసుకున్న ఒకామె, ఏటా వచ్చి కొనేదే, ఒకటి తీసి నొక్కి చూసి, పక్కనున్నవాళ్ళు వినేలా నవ్వింది. "ఏమ్మా ఎదిల్సా, ఇది బోలినా? సంచిలో జ్యూసులా ఉందే. బోర్డు మార్చుకో." అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. ఎదిల్సా కూడా నవ్వింది. పెట్టె మూత వేసి, ఊరేగింపు సగంలో ఉండగానే తలమీద పెట్టుకుని ఇంటికి నడిచింది. దారిపొడవునా పెట్టె అడుగు నుంచి తీపి నీళ్ళు మెడమీదికి కారుతూనే ఉన్నాయి. యురానిస్ తలుపు తీస్తే తల్లి పెట్టెను గడపలోనే దించేసింది. పెరట్లోకి పోయి కూర్చుని, సిగ్గుతో ఏడ్చింది.

ఆదివారం అబెలార్దో వచ్చాడు. ఫ్రిజ్‌ను గోడకు దూరంగా లాగి చూసి, అమ్మా, ఇది ఎక్కడ కొన్నావు అని అడిగాడు. చెప్పింది. కొత్తదేనా అని మళ్ళీ అడిగాడు. వెనక స్క్రూల తలలు గీసుకుపోయి ఉన్నాయి. గ్యాస్ గొట్టం ఒకసారి కోసి అతికించిన మచ్చ కనిపిస్తోంది. ఎవరి ఇంట్లోనో చెడిపోతే వెనక్కి తీసుకుని, తుడిచి, నీకు అంటగట్టారమ్మా అన్నాడు. దుకాణంవాళ్ళను ఎదిల్సా నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. అబెలార్దో అదంతా వింటూనే ఫ్రీజర్ అడుగు పలక విప్పాడు. స్క్రూ డ్రైవర్ కొనతో సందులోంచి ఏదో గెలికి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

అది ఒక బోలి ముడి. కత్తెరతో కత్తిరించింది. చుట్టూ నీలం దారం.

ఎదిల్సా తిట్లు ఆగిపోయాయి. బోలికి దారం కట్టేది పేట మొత్తానికి ఒక్కతే, వీధి చివర పెత్రోనా. కీళ్ళవాతంతో వేళ్ళు వంగక, ప్లాస్టిక్ ముడి వేయలేక కుట్టుదారం చుడుతుంది. పెత్రోనాకూ ఎదిల్సాకూ పదేళ్ళుగా మాటల్లేవు. ఆ దారాన్ని చూసి ఎదిల్సా ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. ఇప్పుడు అరచేతిలో ఆ ముడి పట్టుకుని నిలబడితే, గురువారం నాటి కొబ్బరి బోలీ కత్తెరా కళ్ళముందు మెదిలాయి. అప్పుడు మర్యాద అనుకుంది. మర్యాద కాదు, దారం దాచడం.

అయినా నమ్మబుద్ధి కాలేదు. పదేళ్ళ తర్వాత పెత్రోనా గడప దగ్గరికి వెళ్ళి నిలబడింది. ముడి చూపించింది. పెత్రోనా దాన్ని పట్టి చూసి, ఆ గురువారం మధ్యాహ్నం నూబియా వచ్చి ఒక్కటంటే ఒక్క కొబ్బరి బోలి కొనుక్కుని తడిగుడ్డలో చుట్టుకుని పోయిందని చెప్పింది. కొత్త ఫ్రిజ్ ఉంది కదా నీకు అని అడిగితే, దాంట్లో నీళ్ళు కూడా చల్లబడటం లేదు, ఎవరికీ చెప్పకు అందట.

"నాకు ఒక్కమాట చెప్పి ఉంటే ఏం పోయింది?" అని అడిగింది ఎదిల్సా.

"చెప్తే వినేదానివా? నీ కొమాద్రె మాట కాదని నా మాట?" అంది పెత్రోనా. మళ్ళీ తానే, నా ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీగా ఉంది, సోమ మంగళవారాలకు కావలిస్తే తెచ్చి పెట్టుకో, ముళ్ళు మాత్రం నీవి నువ్వే వేసుకో అని కూడా అంది. ఎదిల్సా తల ఊపింది. ఆ రెండు రోజులూ నలభై బోలీలు అమ్మింది. బోర్డు మాత్రం కిటికీ నుంచి తీసేసింది.

కార్నివాల్ ముగిసిన మర్నాడు, బూడిద బుధవారం నాడు నూబియా వచ్చింది. గుడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, నుదుట బూడిద సిలువ ఇంకా చెదరలేదు. యురానిస్ తన జ్ఞానతల్లిని చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఎదిల్సా గడపలోనే నిలబడి, పిడికిలి విప్పి, నా ఫ్రీజర్ అడుగున దొరికింది అని నీలం దారం చూపించింది.

 నూబియా ఏడుస్తూ అంతా చెప్పుకొచ్చింది. ఫ్రిజ్ చెడిపోయిందని నెలల తరబడి దుకాణం చుట్టూ తిరిగిందట. ఒక్కళ్ళను తీసుకొచ్చి కొనిపిస్తే నీది మార్చి కొత్తది ఇస్తాం అన్నారట. ఇంట్లో వాళ్ళాయనకు ఇన్సులిన్ ఉంచడానికి చోటు లేకపోయిందట. "నాది తీసుకెళ్ళి నీకే ఇస్తారని నాకు తెలియదు కొమాద్రే. నీ కూతురి మీద ఒట్టు."

ఆ ఒట్టు ఎదిల్సా నమ్మింది. నమ్మడం వల్లే ఇంకా కోపం వచ్చింది. ఇన్సులిన్ సంగతి ఒక్కమాట చెప్పి ఉంటే, పాత ఫ్రిజ్ బతికున్న రోజుల్లో తానే ఒక అర ఖాళీ చేసి ఇచ్చేది కాదా?

"ఇది కాకపోతే ఇలాంటిదే ఇంకొకటి వచ్చేది," అంది. "గడ్డకట్టదని తెలుసు. తెలిసే రాయి తెచ్చి నా చేతిలో పెట్టావు."

"కొమాద్రే, తిట్టు, కొట్టు. ఎండన పడి వచ్చాను, లోపలికి రానీ. చల్లగా ఏదైనా ఒక గుక్క ఇవ్వు."

ఎదిల్సా ఆ దారం ముడిని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మా ఇంట్లో చల్లటివి లేవండి, సెన్యోరా నూబియా," అంది. "బోలి కావాలంటే వీధి చివర పెత్రోనాను అడగండి. ఆ ఇల్లు మీకు తెలుసు కదా."