తెర కింది నుంచి వచ్చిన పిల్ల

మా లింగంపేటలో చింతచెట్టు కింద తెల్లచీర కనబడిందని ఎవరైనా వణుకుతూ వస్తే, ఆ చీర ఎవరు ఆరేశారో కనుక్కొని రమ్మనేదాన్ని. దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం ముచ్చట కాదు. ఏం ముచ్చటో నాకే అర్థం కాలేదు.

రెండో పెద్ద యుద్ధానికి ఇంకా ఏడెనిమిదేళ్లు ఉంది. ఎల్లారెడ్డి జాతరకు బండి కట్టుకొని పోయాం. నేను, మా ఇంటాయన, మా అత్త, మా ఐదేళ్ల బిడ్డ రాజవ్వ. నాకు అదొక్కతే. దానికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకే దాన్ని చంక దించకుండా పెంచాను. తుమ్మితే దిష్టి తీసేదాన్ని.

జాతరలో కట్టె గుర్రాల రంగులరాట్నం వచ్చింది. రాజవ్వ ఎడమ చేత్తో గుర్రం మెడ పట్టుకొని, కుడి చేత్తో జిలేబీ తింటూ తిరిగింది. పడుతుందేమోనని నేను పక్కనే నడిచాను. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు బయిస్కోపు డేరాలోకి పోయాం. అప్పట్లో అది మాటల్లేని బొమ్మ. డేరా నడుమ ఒక తెల్లబట్ట కట్టేవారు. మగవాళ్లు ఆ తెరకు ముందువైపు కూర్చునేవారు, ఆడవాళ్లం తెర వెనక. పరదా పద్ధతి అన్నమాట. బట్ట మీద నీళ్లు చల్లితే బొమ్మ మా వైపుకూ వచ్చేది. కాకపోతే కుడి ఎడమలు తారుమారుగా కనబడేవి. ముందువైపు ఒకాయన కట్టె పట్టుకొని నిలబడి, బొమ్మలో ఏం జరుగుతోందో గొంతెత్తి చెప్పేవాడు. రాజవ్వ "బాపుతోని కూసుంట" అని మారాం చేసి తండ్రితో అటువైపు పోయింది.

అది ఏదో దొరల దేశంలోని జాతర బొమ్మ. ఆ జాతరలో ఇనుప రాట్నం ఒకటి తాడిచెట్టంత ఎత్తు. దొరసానులు ఎక్కి నవ్వుతున్నారు. ఉన్నట్టుండి రాట్నం ఇరుసు విరిగింది. అంత పెద్ద చక్రం ఒక పక్కకు ఒరిగి, మనుషులు పండ్లు రాలినట్టు రాలిపోయారు. ఒక చిన్నపిల్ల మాత్రం పైన ఒంటిచేత్తో వేలాడుతోంది. అచ్చం మా రాజవ్వ ఈడుది.

ఆ పిల్ల చెయ్యి జారింది. కింద పడింది. నేను చూశాను. నా పక్కన మా అత్త చూసింది. ఆడవాళ్లందరం ఒక్కసారే కేకలు పెట్టాం. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి.

"పట్టుకున్నడు! శభాష్! పిల్ల బతికింది!" అని కట్టె పట్టుకున్నాయన అరుస్తున్నాడు.

ఆ గోలలో తెర అంచు పైకి లేచి, దాని కింది నుంచి రాజవ్వ పాక్కుంటూ మా వైపు వచ్చి నా ఒళ్లో పడింది. గుండెకు హత్తుకున్నాను.

బయటికి వచ్చాక కొట్లాటే. "పిల్లను కింద దొర పట్టుకున్నడు గదనే. నా కండ్లతోని చూసిన" అన్నాడు మా ఇంటాయన.

"పడ్డది బిడ్డా. నేనేమన్న గుడ్డిదాన్నా?" అంది మా అత్త. ఎవరిని అడిగినా అంతే. మగవాళ్లు బతికిందంటారు, ఆడవాళ్లు చచ్చిందంటారు.

ఆ రాత్రి ఎల్లారెడ్డిలోనే చుట్టాలింట్లో ఉన్నాం. పొద్దున రాజవ్వ ఎడమ చేత్తో బువ్వ కలిపింది. మా అత్త చేతి మీద ఒక్కటి వేసింది. అది బిత్తరపోయి ఏడ్చింది. "గిదే గదా తినే చెయ్యి!"

ఆటాడుతోంది అనుకున్నాను. మళ్లీ రాట్నం దగ్గరికి తీసుకుపోతే ఎక్కనంది. "నిన్న గిట్ల తిరగలె గదా అవ్వా. గటు దిక్కు తిరిగింది" అని చేత్తో చూపించింది. రాట్నం తిప్పేవాడు నవ్వాడు. నా యాదికి కూడా నిన్న ఇటే తిరిగింది.

బయిస్కోపు కట్టె ఆయన అక్కడే బీడీ తాగుతుంటే సిగ్గు విడిచి అడిగాను. "అమ్మా, ఒక్కటే బట్ట, ఒక్కటే బొమ్మ. కుడి ఎడమ మారుతది గని, సచ్చినోళ్లు బతుకుతరా?" అన్నాడు.

అప్పుడు నాకు పచ్చబొట్టు గుర్తొచ్చింది. రాజవ్వ కుడి ముంజేతి మీద మూడు చుక్కలు పొడిపించాను. ఎడమ చేతికి సెగ్గడ్డ లేచి ఉంటే, కుడి చేతిని నేనే ఒడిసి పట్టుకున్నాను. తల్లిని, మరిచిపోతానా? చూస్తే చుక్కలు ఎడమ చేతికి ఉన్నాయి.

మా ఇంటాయనకు చూపిస్తే, "ఎప్పుడు గాడనే ఉండె. నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు. మా అత్త మాత్రం ఆ చుక్కలను చాలాసేపు చూసింది. "బిడ్డ సల్లగున్నది గదా. గంతే సాలు. ఇగ అడుగకు" అంది.

అడగలేదు. కానీ పిల్ల నిద్రపోతుంటే లేచి కూర్చొని మొహం చూసేదాన్ని. అదే మొండితనం, అదే నవ్వు. మా లేగదూడకు అది పెట్టిన ముద్దుపేరు కూడా దానికి తెలుసు. తండ్రితో అటువైపు పోయిన పిల్ల, తెర కింది నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే అయితే ఈ చుక్కలేంటి? ఒక్కతే కాకపోతే నా బిడ్డ ఏమైంది? కిందపడ్డ ఆ పిల్ల కళ్లలో మెదిలేది. ఎవరికీ చెప్పకుండా ఏడ్చేదాన్ని. పెరట్లో ఏడ్చి, మొహం కడుక్కొని, లోపలికొచ్చి ఈ పిల్లకే అన్నం ముద్దలు పెట్టేదాన్ని. ప్రేమ తగ్గిందా అంటే లేదు. అదే నాకు ఇంకా భయం.

యుద్ధం రోజుల్లో రాజవ్వ పెండ్లి చేశాం. అత్తగారింటికి సాగదోలే రోజు, పెరుగన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. అది నోరు తెరవలేదు. నా చెయ్యినే చూస్తోంది.

"అవ్వా, ఒక్క మాట అడుగుత, కోపానికి రావద్దు" అంది.

"అడుగు బిడ్డా."

నా ఎడమ చెయ్యి పట్టుకుంది. "చిన్నప్పుడు నువ్వు నాకు గీ చేత్తోని పెడుతుంటివి. జాతరకు పోయొచ్చినంక చెయ్యి మార్చినవ్. ఎన్నడు అడుగలె. అడిగితే నువ్వు గూడ పోతవేమోనని భయమైంది."

నా జన్మలో నేనెవరికీ ఎడమ చేత్తో అన్నం పెట్టలేదు.

అన్నేళ్లూ నా బిడ్డ ఎటు పోయిందోనని ఏడ్చాను. తల్లి ఎటు పోయిందో తెలియని పిల్ల ఒకటి నా ఒళ్లోనే పెరుగుతోందేమోనని ఒక్కనాడూ తట్టలేదు.

ఆ ముద్ద తినింది. బయట బండి కట్టారు, తొందర పెడుతున్నారు. ఇంకో ముద్ద కలిపాను గానీ, ఏ చేత్తో పెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.