ఏటితట్టు తలుపు

వేసవి గాలి ఇసుక తెచ్చి తలుపు మీద చల్లినప్పుడల్లా ఆ గరగర చప్పుడుకు నాకు రూతమ్మవ్వ గుర్తుకొస్తుంది.

పెన్న ఒడ్డున ఉన్న పాత మిషన్ బంగళాకు ఆమె కావలి. గుండ్రటి రాతి ఇల్లు, చుట్టూ పన్నెండు తలుపులు. పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద కరువులో ఒక దొర కూలీలకు గంజి పోసి కట్టించాడట. పరిశుద్ధ పట్టణానికి పన్నెండు గుమ్మాలని బైబిల్లో చదివినవాడు కనుక, ఆకలితో వచ్చినవాడికి ఏ దిక్కునైనా తలుపే ఎదురు కావాలనుకున్నాడు. పొద్దుగూకి మూసేముందు ప్రతి గుమ్మంలో నిలబడి, బయట ఎవరన్నా ఉన్నారా అని పిలవాలని నియమం పెట్టాడు. దొర పోయాడు. నియమం అవ్వ దగ్గర మిగిలింది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, నా భర్త పోయిన ఏడాది, అక్కడి మిషన్ బడికి టీచరుగా వెళ్లాను. బస్సు అవతలి గట్టున దింపింది. ట్రంకుపెట్టెతో ఎండిన ఏరు దాటి, తలుపు తట్టడానికి జంకుతూ ఏటివైపు గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఎవరన్నా ఉండారా?" లోపలినుంచి గొంతు.

"ఉన్నానవ్వా."

ఆమె లాంతరెత్తి చూసింది. "యేసయ్యా! ఇన్నేండ్లుగా అరుస్తాండా, పలికిందానివి నువ్వొక్కదానివే. రామ్మా, సంగటి ఉండాది."

ఆ పెద్ద ఇంట్లో మేమిద్దరమే. సాయంత్రాలు ఆమె వెంట తలుపు తలుపుకూ తిరిగేదాన్ని. ఆమె పిలిచేది, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఎవరూ రారు కదా అంటే, "నువ్వొచ్చినావు కదమ్మా" అనేది.

అరవైలలో బంగళాను ఆడపిల్లల హాస్టలు చేయాలనుకున్నారు. భద్రత కోసం రోడ్డువైపు తలుపొక్కటి ఉంచి, మిగతావన్నీ రాళ్లతో మూసేయాలని ఆరాధన అయ్యాక సంఘపెద్దలు చెప్పారు. సభలో ఎన్నడూ నోరు విప్పని అవ్వ లేచింది.

"ఒక్కటే ఇడిసేట్లయితే ఏటితట్టుది ఇడవండి నాయనా."

ఒక పెద్ద నవ్వాడు. "ఆడ్నుంచి ఎవరొస్తారవ్వా, గొర్రెలు తప్ప?"

"కరువులో మాయమ్మ వచ్చినాదప్పా. చెలమలు తవ్వుకుంటా, నీళ్ల కోసరం ఏరెంబడి వచ్చి ఆ గుమ్మంలో పడిపోయినాది. అప్పుడు నేను కడుపులో ఉండా."

పాస్టరుగారు తల వంచుకున్నారు. రోడ్డు తలుపు కూడా మూతపడింది, ఏటివైపుది ఒక్కటే మిగిలింది. ముళ్లకంపలో ఇల్లు చుట్టి రావాల్సినవాళ్లు గొణుక్కుంటూనే వచ్చారు. అవ్వ మాత్రం రోజూ మూసిన ఒక్కో చోటా ఆగి, రాళ్లకు చేయి ఆనించి, చివరికి ఏటి గుమ్మంలో పిలిచేది.

మరుసటి వేసవిలో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లింది. సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఆ గుమ్మంలో నేను నిలబడ్డాను. అవ్వలాగే, ఎవరన్నా ఉండారా అని పిలిచాను.

ఇప్పుడు అనంతపురంలో ఒక గది, ఒక తలుపు, నేను. పొద్దుగూకాక తలుపు తీసి పిలుస్తాను.

"రోజూ ఎవర్ని పిలుస్తాండారు టీచరమ్మా?" అంటుంది ఎదురింటామె.

తెలియదంటాను. కాసేపు చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే గడియ పెడతాను.