మా గల్లీ సంతకం

ముందుగా క్షమాపణలు. ఆర్మూర్ పట్టణ ప్రజలకు, జిల్లా విద్యాశాఖ వారికి, మస్కట్‌లోనూ దుబాయ్‌లోనూ ఎండకు మాడుతున్న మా గల్లీ తండ్రులందరికీ ఈ వ్యాసకర్త తల వంచి, చేతులు జోడించి, అవసరమైతే గుంజీళ్లు తీసి క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఒక తరం పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద మీరు పెట్టాల్సిన సంతకాలు మీరు పెట్టలేదు. మీ అందరి తరఫున ఒక్కడే పెట్టాడు. ఆ ఒక్కడు పోయిన సోమవారం పొద్దున నిజామాబాద్ దవాఖానలో కన్నుమూశాడు. ఇకమీదట మీ పిల్లల మార్కులకు మీరే బాధ్యులు.

ఆయన నాకు వరసకు ఏమీ కాడు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ పుణ్యాన మాటలు వచ్చినప్పటి నుంచీ పెద్దబాపు అని పిలిచాను. గల్లీ పిల్లలందరూ అలాగే పిలిచారు. మార్కెట్ యార్డులో దడ్వాయిగా చేసేవాడు, అంటే రైతులు తెచ్చిన పసుపు సంచులను కాంటా మీద పెట్టించి తూకం పలికే మనిషి. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము వల్లో, మరి దేనివల్లో, ఊపిరి అందకుండా పోయింది. శనివారం ఆటోలో కూర్చుని వెళ్లినవాడు సోమవారం అంబులెన్సులో తిరిగొచ్చాడు.

గల్లీ వాట్సాప్ గ్రూపులో కబురు పడగానే పక్క గల్లీ కంటే ముందు మస్కట్‌కు తెలిసింది. మా నాన్న అక్కడి నుంచి ఫోన్ చేశాడు. ఆయన ఫోను ఎప్పుడూ "నౌకరీ సంగతేమైంది" అనే ప్రశ్నతో మొదలవుతుంది. ఆ రోజు ఆ ప్రశ్న లేదు. ఒక్క మాట అన్నాడు.

"నేను నీ బడి గేటు గూడ సూడలే రా. నాకు బదులు ఆయననే సూసిండు."

నేను ఫోను అమ్మ చేతిలో పెట్టేశాను. ఎదురు చెప్పకుండా నేను ఫోను వదలడం మా ఇంట్లో వార్త.

తండ్రులు గల్ఫ్‌లో ఉంటే తల్లులు సంతకం పెట్టకూడదా అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు. కానీ యూనిట్ టెస్టు కార్డు పట్టుకుని మా అమ్మ ముందు నిలబడితే, ఆమె ఒళ్లో ఉన్న బీడీల చాటను ఆకు కదలకుండా, తంబాకు ఒలకకుండా పక్కన పెట్టేది. ఆ తర్వాత ఏం జరిగేదో రాయడం నా గౌరవానికి భంగం. గల్లీలో అందరి అమ్మలదీ అదే పద్ధతి. అందుకని పెద్దబాపు యార్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఇంటి ముందు సిమెంటు గద్దె మీద కూర్చునే వేళకు పిల్లలందరం కార్డులతో వరస కట్టేవాళ్లం. సంరక్షకుడు అని ఉన్న గీత మీద ఆయన తన పేరు పూర్తిగా, ఒత్తులతో సహా, ముగ్గు వేసినంత శ్రద్ధగా రాసేవాడు. మా టీచరమ్మ ఒకసారి మా గల్లీ కార్డులన్నీ ముందేసుకుని, ఈ మహానుభావుడికి ఎంతమంది పిల్లలురా అని అడిగింది. గల్లీ మొత్తం ఆయన పిల్లలే మేడమ్ అని సభ్యతగా మనవి చేసి, మిగతా పీరియడంతా బయట నిలబడ్డాను.

సంతకానికి ఒక షరతు ఉండేది. పెద్దబాపు కార్డులో ఎర్ర సిరాతో సున్నా చుట్టిన చోటు వెతికేవాడు. దొరకగానే దాని మీద వేలు పెట్టేవాడు.

"గీ దాంట్ల ఏమున్నదిరా? నాకు చెప్పు."

తిట్టడు. ఎందుకు తప్పావని అడగడు. పక్కింటివాడికి ఎన్ని వచ్చాయనే ప్రశ్న ఆయనకు తట్టనే తట్టదు. ఆ సబ్జెక్టులో ఏముందో ఆయనకు చెప్పాలి, అంతే. అన్నీ పాసైన వాళ్లకు నిమిషంలో సంతకం అయిపోయేది. తప్పిన వాడికి గద్దె మీద ఆయన పక్కన చోటు, లోపలి నుంచి పెద్దమ్మ పంపే చాయ్. తప్పడంలో ఇంత మర్యాద ఉందని తెలిశాక నేను ఆ మర్యాదను చాలా పరీక్షల్లో నిలబెట్టుకున్నాను.

మొదట్లో ఇదొక రకం శిక్ష అనుకున్నాం. కాదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. ఏడో తరగతి పరీక్ష తప్పి బడి మానేసిన మనిషి. పెళ్లయ్యాక అందరిలాగే గల్ఫ్‌కు వెళ్దామని బొంబాయి దాకా వెళ్తే మెడికల్‌లో అన్‌ఫిట్ అని తేల్చారు. అలా మా గల్లీలో మిగిలిన ఒకే ఒక్క తండ్రి ఆయన. ఉన్న ఒక్క కూతురు పెళ్లయి జక్రాన్‌పల్లి వెళ్లిపోయింది. ఆగిపోయిన చదువును సాయంత్రం పూట మా దగ్గర పూర్తి చేసుకుంటున్నాడని మాకు తెలియదు. మేం సంతకం కోసం వెళ్లేవాళ్లం, ఆయన బడికి వచ్చేవాడు.

"నన్ను రెండుపార్లు తూసిండ్రు బిడ్డా," అని ఒకసారి నాతో అన్నాడు. "ఒకపారి బడిల, ఒకపారి బొంబైల. తక్కువున్నడని రాసి పంపిండ్రు. ఏం తక్కువనో ఎవ్వలు చెప్పలే. మా కాంటా కాడ తేడా వస్తె సంచి మూతి ఇప్పి రైతుకు సూపిస్తం గద."

మళ్లీ యార్డు ముచ్చట మొదలుపెట్టాడనుకుని నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.

ఆయన అడిగే ప్రశ్నలు మా పరీక్ష పేపర్లలో ఎక్కడా ఉండేవి కావు. ఎండ ఉంటేనే చెట్టు అన్నం వండుకుంటుందని ఒకడు చెబితే, మరి వానకాలం వారం దినాలు ముసురు పడితే చెట్టు పస్తులుంటదా అన్నాడు. వాడు నోరు తెరిచాడు. మేమందరం తెరిచాం. జవాబు తెలియకపోతే ఏమీ అనేవాడు కాదు. తెల్వదని చెప్పినా సరే, అది కూడా చెప్పినట్టే లెక్క. సంతకం ఎటూ పారిపోదు, రేపు కనుక్కుని రమ్మనేవాడు.

ఏడో తరగతిలో నేను సైన్సు తప్పాను. ఎర్ర సున్నా మీద వేలు పడింది. ఆమ్లాలు, క్షారాలు అన్నాను. అంటే అన్నాడు. తెల్వదన్నాను. మరునాడు, నా విద్యార్థి జీవితంలో మొట్టమొదటిసారి, క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడిగాను. నేను బయటికి పోవడానికి అడుగుతున్నాననుకుని సైన్సు సారు పొమ్మని సైగ చేశాడు. కాదు సార్, క్షారం అంటే ఏంది అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. పసుపు రాసిన కాగితం ముక్క తెచ్చి, దాని మీద సబ్బునీళ్ల చుక్క వేయించి, ఎర్రబడుతుంటే చూపించాడు. ఎందుకు ఎర్రబడుతుందో నాకు అర్థమయ్యేదాకా చెప్పాడు.

ఆ సాయంత్రం గద్దె మీద అదే ప్రదర్శన నేను పెట్టాను. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి చూసి పెదవి విరిచింది.

"సబ్బు వెడ్తె పసుపు ఎర్రగైతదని మాకు ఎర్క లేదా? ఏండ్ల సంది గీయన అంగీలు ఉతుకుతున్న. గిది గూడ సదువేనా?"

"ఎర్రగైతదని నాకూ ఎర్కనే," అన్నాడు పెద్దబాపు. "ఎందుకైతదో ఎర్కనా నీకు? ఊకో జర. పిలగాన్ని చెప్పనియ్యి."

చెప్పాను. ఆయన కాగితం తీసుకుని, ఇంకో చుక్క తనే వేసి, చాలాసేపు చూశాడు. పెండ్లిలో హారతి నీళ్లు ఎర్రగా ఉండేది ఇందుకేనా అన్నాడు. సున్నం కూడా క్షారమేనా అన్నాడు. మరునాడు యార్డులో హమాలీలందరినీ కూర్చోబెట్టి ఇదే పాఠం చెప్పాడట.

ఆ తర్వాతి పరీక్షలో కూడా నేను సైన్సు తప్పాను. ఈ వ్యాసంలో నీతి వెతికేవారికి ఇక్కడ నిరాశ తప్పదు. కానీ ఆ పాఠం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తొంభైలు దాటి మార్కులు తెచ్చుకున్న పాఠాలు నాకు ఒక్కటీ గుర్తులేవు.

అవును, తొంభైలు కూడా తెచ్చుకున్నాను. తొమ్మిదో తరగతికి మా నాన్న నన్ను హైవే పక్కన ఒక పెద్ద బడిలో వేయించాడు. అక్కడ ప్రతి శనివారం పరీక్ష, సోమవారం మార్కుల వరసలో బెంచీలు. చివరి బెంచీ నుంచి మొదటి బెంచీకి వెళ్లే విద్య నేను తొందరగానే పట్టాను. ప్రశ్న చూడగానే జవాబు చేతిలోకి రావాలి, మధ్యలో బుర్ర అడ్డం తగలకూడదు. ఎందుకు అనే మాట నోట్లోకి వస్తే అక్కడే మింగేయాలి. దానికి మార్కులు లేవు. ఏడాది తిరిగేసరికి నేను మొదటి బెంచీలో ఉన్నాను. మా అమ్మ గల్లీ అంతా పేడాలు పంచింది. పదో తరగతిలో పదికి పది వచ్చింది. నా ముఖం పెద్ద ఫ్లెక్సీ మీద, పసుపు లారీల డ్రైవర్లందరూ చూసి తరించేలా, హైవే పక్కన నెల రోజులు నిలబడింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నుంచి పెద్దబాపు అడగడం మానేశాడు. పిల్లలు కార్డులు తెస్తున్నారు, ఆయన సంతకం పెట్టి ఇస్తున్నాడు. ఎర్ర సున్నాల మీద వేలు పడటం లేదు. చూపు తగ్గిందన్నారు కొందరు. షుగరొచ్చి నీరసపడ్డాడన్నారు. పిల్లలు మాత్రం పని సులువైందని సంబరపడ్డారు. ఆ తర్వాత బళ్లు మార్కులను ఫోన్లకే పంపడం మొదలుపెట్టాయి. గద్దె ముందు వరస కూడా లేకుండా పోయింది.

పెద్దబాపు పోయిన మూడో రోజు, వాళ్లింటి ముందు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయనతో పనిచేసిన ఒక ముసలి హమాలీ నన్ను గుర్తుపట్టాడు. గప్పుడు నీ ఫోటో చూపిస్తానని మమ్మల్ని యార్డు నుంచి హైవే దాకా నడిపిచ్చిండు, మా పిలగాడు అని మస్తు చెప్పిండు అన్నాడు. నేను కుర్చీలో సర్దుకున్నాను. అప్పుడు ఎదురింటి పిల్ల మాట్లాడింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె ఆరులో ఉండేది. పది అవగానే చదువు ఆపేసి ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది.

"నేను ఆరోదిల లెక్కలు తప్పిన అన్నా," అంది నవ్వుతూనే. "భిన్నాలు. పెద్దబాపు అడుగుతడని అక్కతోని మొత్తం చెప్పిచ్చుకున్న. తుంచి సూపెడ్దామని జొన్నరొట్టె గూడ పట్కపోయిన. సప్పుడు జెయ్యకుంట సంతకం పెట్టి ఇచ్చిండు. నాకు చెప్పనీకి గూడ రాదనుకున్నడేమో అని, రొట్టె తినుకుంట ఇంటికి వచ్చిన. గప్పటి సంది లెక్కలు నాకు రావని నేనే ఖాయం చేసుకున్న."

అందరూ నవ్వారు. ఇలాంటి చోట ఏదో ఒకటి విసిరి ఇంకాస్త నవ్వించడం నా పని. అందరూ నా వైపు చూశారు కూడా. నేను లేచి, చాయ్ గ్లాసులు ఏరే నెపంతో టెంటు బయటికి వెళ్లిపోయాను.

మొదట్లో చెప్పిన క్షమాపణలు వెనక్కి తీసుకుంటున్నాను. వాటిలో నేను చేసిన తప్పులేవీ లేవు. నేను చేసింది ఒకటి ఉంది.

పది పరీక్షల ముందు వచ్చిన కార్డు అది. అన్నింట్లో ఏ-వన్. గద్దె ముందు నా వెనక ముగ్గురు నలుగురు చిన్నపిల్లలు నిలబడి ఉన్నారు. పెద్దబాపు కార్డు పైనుంచి కిందికి వెతికి, ఎర్రది ఒక్కటీ లేదే అని మురిశాడు. ఇన్ని వచ్చినవాడు ఇవాళ పెద్ద ముచ్చటే చెబుతాడనుకున్నాడు. జరిగి నాకు చోటిచ్చాడు.

"కరెంటు పాఠం ఉందా దీంట్ల? ఉంటె గిది చెప్పు. పైపు తెగితె నీళ్లు కారుతయ్. మరి తీగ తెగితె కరెంటు కారదేంది?"

ఆ పాఠం మొత్తం నాకు కంఠతా వచ్చు. సూత్రం వచ్చు, బొమ్మ వచ్చు, ప్రమాణాలు వచ్చు. ఆయన అడిగింది అందులో లేదు. తెల్వదు అంటే సరిపోయేది. ఆ గద్దె మీద ఆ మాటకు ఎప్పుడూ చోటు ఉండేది. కానీ ఏ-వన్ వచ్చినవాడు తెల్వదని ఎలా అంటాడు?

"ఏ-వన్ అని రాసుంది గద పెద్దబాపు," అన్నాను. "ఏడోది తప్పినోనివి, నీకు చెప్తె సమజైతదా? సంతకం పెట్టు."

పిల్లలు నవ్వారు. నా మాటలకు వాళ్లు ఎప్పుడూ నవ్వేవాళ్లే. పెద్దబాపు కూడా నవ్వబోయాడు, సగంలో ఆగిపోయాడు.

"అవ్ బిడ్డా. గది గూడ నిజమే," అన్నాడు.

ఆయన అడిగినదానికి జవాబు నాకు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో దొరికింది. అప్పటికి ఆయన గోడ అవతలే ఉన్నాడు. దగ్గితే వినిపించేది. చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు.

ఆ సాయంత్రం ఆయన గీత మీద తన పేరు పూర్తిగా, ఒత్తులతో సహా రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. తర్వాత, నేనింకా పదో తరగతి పిల్లవాడినే అయినా, గద్దె మీంచి లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, కార్డును రెండు చేతులతో నాకు అందించాడు, యార్డుకు వచ్చే పెద్దసార్లకు అందించినట్టు.