చెల్లెకంటే ముందు నేను చూసి వచ్చిన రెండు కాలేజీలు

మంచి ఇంజనీరింగు కాలేజీ ఏదని నన్ను అడగడానికి వచ్చేవాళ్లు జవాబు ముందే జేబులో పెట్టుకుని వస్తారు. చౌరస్తాలో కట్టిన బోర్డులు చూసి, ఏజెంటు మాటలు విని, పిల్లను ఎక్కడ చేర్పించాలో తేల్చుకున్నాక నా అరుగు మీద కూర్చుని, "నువ్వేమంటవ్ పెద్దాయనా?" అంటారు. నేనేమీ అనను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా కాలనీ రీడింగు రూములో, ఎవరూ చెప్పకుండా చదివింది. నేను లోపలికి పోయి చూసిన ఇంజనీరింగు కాలేజీలు రెండే రెండు, అవీ డెబ్బైల నాటివి. వాటి పేర్లు రాయను. ఆ ఊళ్ల పేర్లు కూడా రాయను. ఇప్పుడవి ఎట్లా ఉన్నాయో నాకు తెలియదు.

మేము బెల్లంపల్లి నుంచి గోదావరిఖనికి వచ్చినవాళ్లం. ఇక్కడ కొత్త బొగ్గు బాయిలు తెరుస్తున్న రోజుల్లో మా నాన్నను, బాపును, ఇటు పంపించారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆయన పని. నేనూ అదే బాయిలో చేరి, సొంతంగా చదువుకుని పరీక్ష పాసై సర్దారునయ్యాను. సర్దారు పని ఏమిటంటే, షిఫ్టు వాళ్లు దిగకముందే ఒక్కడే లోపలికి పోయి పనిచేసే చోటు చూసి రావడం. కర్రతో కప్పును తట్టాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. దీపం మంటను చూసి గాలి సంగతి కనిపెట్టాలి. అంతా బాగుంటే సుద్దతో గుర్తు పెట్టాలి. లేకపోతే రెండు కర్రలు అడ్డం కట్టి వెనక్కు రావాలి. ఆ అడ్డం దాటి ఎవడూ పోడు, మేనేజరైనా సరే.

మా చెల్లె క్రైస్తవ మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. లెక్కల్లో వచ్చిన మార్కులకు రెండు కాలేజీల్లోనూ సీటు ఖాయమని వాళ్ల మాస్టారు చెప్పాడు. అటువైపు మా చర్చి అయ్యగారు టీచరు ట్రైనింగు సీటు మాట్లాడి పెట్టాడు. ఆ క్లాసులు మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆడపిల్లకు టీచరు పని చాలని కాలనీ అంతటికీ ఒకటే అభిప్రాయం. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఒకావిడ మా అవ్వను, అంటే మా అమ్మను, ఊరికే ఉండనిచ్చేది కాదు.

"ఏందక్కా, నీ బిడ్డ రైలింజన్ నడుపుతదట?"

"నడిపితె నిన్ను టికెట్ లేకుంట ఎక్కిస్తం తియ్యి," అనేది అవ్వ, బిందె ఎత్తుకుంటూ.

బాపు ఒక్కటే మాట అన్నాడు. "పెద్దోడు పోయి చూసి రావాలె. మంచిదంటె పంపుత. లేకుంటె టీచరే." ఆయనకు మంచిది అంటే ఆడపిల్లకు ప్రమాదం లేనిది. నాకూ అప్పటికి అంతే.

వారానికి మాకు ఒక సెలవు ఉండేది, ప్లేడే అనేవాళ్లం. ఒక ప్లేడే నాడు మొదటి కాలేజీకి పోయాను.

అది నిశ్శబ్దంగా ఉంది. గేటు నుంచి ఆఫీసు దాకా రెండు వైపులా చెట్లు, సున్నం వేసిన రాళ్లు. బాయిలో పనిచేసినవాడి చెవికి నిశ్శబ్దం మంచి కబురు. కప్పు కూలే ముందు పలుకుతుంది. ఏ చప్పుడూ లేకపోతే మాకు ఊపిరి ఆడుతుంది. ఒక పెద్ద ప్రొఫెసరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు. నా చేతుల మీద బొగ్గు గీసిన నీలి మచ్చలు చూసి కూడా కూర్చోబెట్టాడు. అది నేను మరిచిపోలేదు. ఆడపిల్లలకు ఆవరణలోనే హాస్టలు ఉందని, చుట్టూ గోడ ఉందని, రాత్రి కాపలా ఉందని చెప్పాడు.

"మా దగ్గర అమ్మాయిలకు ఏ కష్టమూ ఉండదు. వర్క్‌షాపులో కూడా వాళ్లను నిలబెట్టం. హాజరు వేసి లైబ్రరీకి పంపిస్తాం. మార్కులకు లోటు రానివ్వం."

"సుత్తె గిట్ల పట్టాల్సిన పనే లేదా సార్?"

"ఎందుకయ్యా? రేపు ఉద్యోగంలోనైనా ఆమెతో సుత్తి పట్టిస్తారా?"

మర్యాద తెలిసిన మనిషి అనుకుని వచ్చేశాను.

రెండో కాలేజీ గేటు ముందే లొల్లి. పిల్లలు పళ్లాలు కొడుతూ నినాదాలు ఇస్తున్నారు. ఏందని ఒకణ్ణి అడిగితే, "అన్నంల పురుగులొస్తున్నయ్ అన్నా. నువ్వు గూడ కూసో, బలం పెరుగుతది," అన్నాడు. తప్పించుకుని లోపలికి పోయాను. ఆఫీసులో ఎవరూ కూర్చోమనలేదు. ఆడపిల్లలకు హాస్టలు లేదని, బయట ఎక్కడైనా చూసుకోవాలని గుమాస్తా తల ఎత్తకుండా చెప్పాడు. సగం అక్కడే నా మనసులో అడ్డం కర్రలు కట్టేశాను.

బయటికి వస్తుంటే వర్క్‌షాపు కనబడింది. రేకుల షెడ్డు, ఇనుము మీద ఇనుము పడే మోత. వరుసలో మగపిల్లల నడుమ ఒక అమ్మాయి, చీర కొంగు నడుముకు దోపుకుని ఇనుప ముక్కను ఆకురాయితో రాకుతోంది. మోచేతుల దాకా నలుపు. నేర్పే ఆయన ఆమె మీద అరుస్తున్నాడు.

"గట్లనా పట్టుడు? చపాతీ కర్రనా అది?"

నాకు కోపం వచ్చింది. ఆయన ఇవతలికి రాగానే అడిగాను. "ఆడపిల్లను గట్ల కసురుకుంటరా సార్?"

"పక్కన నిలబడ్డ మొగపిల్లగాణ్ణి ఇంతకంటె పెద్దగ తిట్టిన. జర ముందొస్తె వినేటోనివి." మళ్లీ లోపలికి పోయాడు.

ఆ అమ్మాయి మమ్మల్ని చూడనే లేదు. ముక్కను కళ్లకు ఎదురుగా ఎత్తి అంచు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటోంది.

ఇంటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బాపు మంచం మీద కూర్చుని విన్నాడు, అవ్వ బియ్యం ఏరుతోంది. మొదటి కాలేజీ గోడ సంగతి, కాపలా సంగతి, వర్క్‌షాపు మాఫీ సంగతి విని బాపు తల ఊపాడు. రెండో దాని సంగతి విన్నాక, "ఇంక అడిగేదేముంది?" అన్నాడు.

"నాకు రెండోదే కావాలె," అంది చెల్లె.

"పురుగులన్నం తినెటందుకా?"

"లైబ్రరీల కూసోనికి అంత దూరం ఎందుకు బాపు? మన రీడింగు రూం లేదా?"

"అన్నం పెట్టి, గోడ కట్టి, పని చెప్పకుంట మార్కులేస్తమంటె వద్దనేదాన్ని నిన్నే చూసిన."

"పని రాకుంట మార్కులొస్తె, రేపు పనిల నన్నెవడు నిలబడనిస్తడు? నీకేం రాదమ్మా, పక్కకు కూసో అంటడు. అప్పుడు వాడనేది నిజమే అయితది."

"నోరు బాగ లేస్తున్నది దీనికి," అన్నాడు బాపు నా వైపు చూసి, అది నా తప్పైనట్టు.

అప్పుడు అవ్వ మాట్లాడింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అవ్వ కూడా బాయి దిగింది. బొగ్గు తట్టలు మోసింది. తర్వాత ఆడవాళ్లు లోపల పనిచేయకూడదని చట్టం వచ్చి అందరినీ పైకి పంపారు. ఆ సంగతి అవ్వ ఇంట్లో ఎప్పుడూ ఎత్తేది కాదు.

"మమ్మల్ని గూడ గట్లనే దయ జూపి పంపిన్రు. మీరు కష్టపడొద్దమ్మా, పైన ఉండున్రి అన్నరు. పైన ఉన్నం. పైన పనేది? పిలిచినోడే లేడు."

"అది వేరు," అన్నాడు బాపు.

"ఏం వేరు?"

అవ్వ మళ్లీ బియ్యంలోకి వంగింది.

ఆ చట్టం తప్పని నేననను. లోపల ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, మా ఇంటి ఆడవాళ్లు అక్కడ ఉండాలని కోరుకోను. కాని పైకి పంపినవాళ్లకు పైన ఏం చూపించారని అడిగిన మొనగాడు ఒక్కడు లేడు. పంపినవాళ్లు పుణ్యం చేశామని పోయారు. ఆ ప్రొఫెసరుకూ ఆ రాత్రి అదే తృప్తితో నిద్ర పట్టి ఉంటుంది. ఇప్పటికీ నాకు ఆయన మీద కోపమే, నన్ను కుర్చీలో కూర్చోబెట్టినా సరే.

"సర్దారువు నువ్వు. చెప్పు," అన్నాడు బాపు. "దింపుతవా, అడ్డం కడుతవా?"

బాయిలో కొన్ని చోట్లు ఉంటాయి, కప్పు వదులుగానే ఉంటుంది కాని బొగ్గు మంచిది. అటువంటి చోటును వదిలిపెట్టం. ఊతలు పెట్టించి మనుషులను పంపిస్తాం. ఆ ఊతలు పెట్టేది బాపు లాంటివాళ్లే.

"రెండోదాంట్లకే దింపుత," అన్నాను. "ఉండే జాగ నేను చూసి పెడ్త. అది మంచిగ లేకుంటె నేనే వాపస్ తెస్త."

బాపు బీడీ ముట్టించాడు. "నెల," అన్నాడు. "నెల తర్వాత పిల్లను చూస్త. నా కండ్లకు ఏమన్న తేడా కొట్టిందంటె, అయ్యగారి కాడికి పోయి టీచరు సీటు తెచ్చుకునుడే. మళ్ల మాట్లాడేది లేదు."

కాలేజీకి దగ్గరలో దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మ ఇల్లు దొరికింది. ఆమె దగ్గర అప్పటికే ఇద్దరు చదువుకునే ఆడపిల్లలు ఉన్నారు. నేను తలుపు గొళ్లెం లాగి చూశాను, బావి గట్టు చూశాను, వెనక గోడ ఎంత ఎత్తుందో చూశాను, గది కప్పును గొడుగు కర్రతో తట్టాను.

"ఇల్లు చూడ వచ్చినవా నాయనా, కొన వచ్చినవా?" అంది నర్సమ్మ.

"మా బాపుకు జవాబు చెప్పాలె అక్కా."

"చీకటి పడ్డంక ఈ గేటు తెరవనని చెప్పు. నీకు గూడ తెరవను."

అక్కడ చెల్లెను దింపి వచ్చాను. ఆ నెలలో బాపు ఆమె ఊసు ఎత్తలేదు. అయ్యగారు మాత్రం ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపి, సీటు ఇంకా ఉంచానని గుర్తు చేసేవాడు.

నెల నిండాక చెల్లె బస్సు దిగి ఇంటికి వచ్చింది. పొద్దున వచ్చింది, బాపు అప్పుడు బజారులో ఉన్నాడు. ఎడమ చేతి బొటనవేలు గోరు మొత్తం నల్లబడి, వేలు వాచి ఉంది. సుత్తి దెబ్బ. అవ్వ పసుపు పెట్టబోయి ఆగింది, పసుపు పెడితే ఇంకా కనబడుతుందని.

"పైట కింద పెట్టుకో బిడ్డా. ఇయ్యాల ఒక్క పూట."

నాకూ అదే మంచిదనిపించింది. చెల్లె చేతిని పైట కిందికి లాక్కుంది.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. సెకండ్ షిఫ్టు డ్యూటీ ఉన్న రోజుల్లో బాపు తొందరగా తింటాడు. ఆ రోజు మెల్లగా తింటున్నాడు. చెల్లె కుడి చేత్తో తింటూ ఎడమ చేతిని పైట కిందే ఉంచింది. అవ్వ చారు పోస్తుంటే అందరూ పళ్లెం పట్టుకున్నారు, ఆమె పట్టుకోలేదు.

"ఆ చెయ్యి ఏంది?" అన్నాడు బాపు.

అవ్వ ఏదో అనబోయింది. చెల్లె చేయి బయటికి తీసి పళ్లెం పక్కన నేల మీద పెట్టింది. బాపు వంగి చూశాడు. గోరును ముట్టుకోలేదు.

"ఎవ్వడన్న నవ్విండా?"

"నవ్విన్రు."

"ఎవడు?"

"పక్క బల్లకాడ నిలబడేటోడు. బాగ నవ్విండు."

"నువ్వేం జేసినవ్?"

"ఏం జెయ్యలే. పని జేసుకున్న. మొన్న వాడు గూడ వేలు కొట్టుకున్నడు, నాకంటె గట్టిగ. సారు మా ఇద్దర్నీ కలిపి తిట్టిండు."

"నీ ముక్క అయ్యిందా?"

"అయ్యింది."

"వానిది?"

"ఇంక గాలే."

బాపు చారు కలుపుకున్నాడు. మిగిలిన అన్నం తిని, చేయి కడుక్కుని, టవలు భుజాన వేసుకున్నాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"డ్యూటీకి పోతున్న. నువ్వు అయ్యగారి కాడికి పోయి, ఆ సీటు ఇంకెవలకన్న ఇచ్చుకోమని చెప్పు."