గోధుమ రంగు మరుగుజ్జు

ముందే చెప్తున్నా. ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఆ రోజు జరిగిన రభసలో సైన్సు తప్పేమీ లేదు. పద్ధతి సరైనదే, లెక్క సరైనదే, నా బొటనవేలు కూడా ఉండవలసిన చోటే ఉంది. ఆ వేలికి సూటిగా ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉండటమే వచ్చిన చిక్కు. పసుపు వేలంపాట ఆపించి, ఒక సేటు పరువు బజారున పెట్టి, మా పెద్దమ్మ చేత చెప్పు తీయించిన ఘనత నాది. ఇప్పటికీ మా ఇంట్లో పెళ్లయినా పేరంటమైనా ఎవరో ఒకరు నన్ను చూసి ఒంటి కన్ను మూస్తారు, మిగతావాళ్లు పొట్ట పట్టుకుంటారు. నవ్వుకోనివ్వండి. నేనేం సిగ్గుపడను.

సెల్‌ఫోన్లలో పాము ఆట ఆడుకునే రోజులు. నేను హైదరాబాద్‌లో పరిశోధనలో కొత్తగా చేరాను. నా పని బ్రౌన్ డ్వార్ఫ్‌లనే మసక చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో, ఎటు కదులుతున్నాయో కొలవడం. అందుకోసం ఉత్తరాన కొండల మీద ఉన్న పెద్ద దుర్బిణి దగ్గర కొన్ని నెలలు ఉండాలి. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి పోవాలన్నా పెద్దబాపు, అంటే మా నాన్నగారి అన్న, సరే అనాలి. ఆయన్ని అడగడానికే ఊరికి వచ్చాను.

ఆయన కంటే ముందు పెద్దమ్మ దొరికింది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"పట్నంల ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంది.

ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ అప్పట్లో నాకు మాతృభాషాభిమానం కొంచెం పొంగుతూ ఉండేది. అన్నీ తెలుగులో చెప్పాలని పట్టుదల.

"గోధుమ రంగు మరుగుజ్జు, పెద్దమ్మా. మస్తు దూరంల ఉంటది. ఎటు పోతున్నదో చూస్తనే ఉండాలె. గందుకే కొండల మీదికి పోతున్న" అన్నాను.

అయ్యా, మీరే సాక్షి. నేను "పోతున్నది" అన్నాను గానీ "పోతున్నడు" అనలేదు. వ్యాకరణం పూర్తిగా నా పక్షాన ఉంది. పెద్దమ్మకు వ్యాకరణంతో పని లేదు. చేట పక్కన పెట్టి, నా ముఖం ఒకసారి, ఆకాశం ఒకసారి చూసి, "రంగు మంచిదే అనుకో. గని పొట్టోడా?" అంది. నాకు అర్థం కాక నవ్వాను. ఆ నవ్వును ఆమె సిగ్గు అనుకుంది.

సాయంత్రానికల్లా, లావణ్య (అంటే నేనే) ఎవడో గోధుమ రంగు పొట్టోని ఎంబడి కొండలకు పోతదట అన్న వార్త షేర్ ఆటో ఎక్కి నందిపేట్ దాకా పోయింది.

మర్నాడు పొద్దున్నే పెద్దబాపు నన్ను మార్కెట్ యార్డుకు రమ్మన్నాడు. ఆ రోజు మా పసుపు పాటకు ఉంది. షెడ్డు కింద కొమ్ములు కుప్ప పోసి, పక్కన సంచుల మీద ఆయన, ఆయన వెంట తోటి రైతులు వరసగా కూర్చున్నారు.

"పొట్టోడెవడు?" అన్నాడు పెద్దబాపు, కూర్చోమని కూడా అనకుండా.

"పొట్టోడు కాదు పెద్దబాపు, చుక్క. ఆకాశంల చుక్క!"

"చుక్కను చూసుటానికి గంత దూరం ఎందుకు? మన దాబా మీద కనవడదా?"

"గా చుక్క ఉట్టి కంటికి కనవడది."

"కనవడనిదాన్ని చూసుటానికి పోతవా?"

ఇలా లాభం లేదనుకున్నాడేమో, మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పాడు. "నాకు సమజు కాకుంటే పాయె. గీ మార్కెట్ల ఒక్కనికి, ఒక్కనికంటే ఒక్కనికి సమజయ్యేటట్టు చెప్పు. సమజయిందని వాడే నోటితోని చెప్పాలె. చెప్పిండా, పో కొండలకు. లేదా, ఇంటికాడ ఉండి బీఎడ్ చెయ్యి."

బీఎడ్ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ నేను చచ్చినా చెయ్యదలచుకోలేదు. కొంగు నడుముకు బిగించి మొదలుపెట్టాను.

"చుక్క కావాలని పుట్టి, మండ చాతగానిది గిది. పొయ్యిల పచ్చి కట్టె తీరు. జర వేడి ఉంటది, మంట ఉండది."

"మా అల్లుని తీరు" అన్నాడు చివరి సంచి మీది రైతు. అందరూ తలూపారు. నాకు హుషారొచ్చింది.

"అది నడిచేది తాగినోడు ఇంటికి పోయినట్టు ఉంటది. అటిటు ఊగుతది, మళ్ల ముందటికి పోతది. ముందటికి పోవుడు దాని సొంత నడక. ఊగుడు మాత్రం దానిది కాదు, మనది. మన భూమి సూర్యుని చుట్టు తిరుగుతది గద, మనం అటు పోయి చూస్తే గిక్కడ, ఇటు వచ్చి చూస్తే గక్కడ కనవడతది. ఎంత ఊగిందో కొలిస్తే ఎంత దూరమో తేలుతది."

"మనం తిరిగితే అదెట్ల ఊగుతది?" అన్నాడు పెద్దబాపు.

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ప్రతి ఖగోళ మేష్టారూ ఇచ్చే జవాబు ఒకటే. చెయ్యి చాపి, బొటనవేలు నిలబెట్టి, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడటం. వేలు పక్కకు దూకినట్టు కనిపిస్తుంది. అయితే వెనకాల కదలని వస్తువు ఒకటి కావాలి. యార్డంతా హమాలీలు, బండ్లు, మేకలు. ఏదీ ఒకచోట నిలవదు. నిలిచి ఉన్నది ఒక్కటే కనిపించింది. ఎదుటి షెడ్డు కింద కొమ్ము విరిచి, రంగు చూసి, వాసన చూసి, మళ్లీ రంగు చూసుకుంటూ శిలలా నిలబడ్డ గంగాధర్ సేటు. మా కుప్పను కొనబోయే ఖరీదుదారు ఆయనే. దూరపు నక్షత్రానికి అంతకంటే ఏం కావాలి? వేలు ఆయనకు సూటిగా పెట్టి ఎడమ కన్ను మూశాను. తర్వాత కుడి కన్ను.

పెద్దబాపు కూడా వేలు చాపాడు. "అరే, దుంకుతున్నది!" అన్నాడు. అంతే, సంచుల మీది రైతులందరూ చేతులు చాపి, బొటనవేళ్లు నిలబెట్టి, కళ్లు మార్చి మార్చి మూయడం మొదలుపెట్టారు.

సేటు తల ఎత్తాడు.

మా వైపు ఒక మనిషికి బొటనవేలు చూపిస్తే ఠేంగా అంటారు. నీకేమీ రాదు, పో అని దాని అర్థం. దానికి తోడు కన్ను కొడితే అర్థం ఇంకా చెడుతుంది. ఒక వరస వరసంతా కలిసి చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సేటు చేతిలో కొమ్ము కింద పడేశాడు.

"నాకే ఠేంగా చూపిస్తున్నరా? మీ పసుపు మీరే వండుకొని తినుండ్రి!" అని గిర్రున తిరిగి గేటు వైపు నడిచాడు. పాట అక్కడే ఆగింది.

"చుక్కల సంగతి చెప్పుమంటే బేరం చెడగొడ్తివి గదనే!" అని పెద్దబాపు నెత్తి పట్టుకున్నాడు.

నేను పరుగెత్తి సేటుకు అడ్డం పడ్డాను. "సేటూ, అది ఠేంగా కాదు. పారలాక్స్!"

"తిట్టుకు ఇంగ్లీషు పేరు కూడ పెట్టినవా?"

మరుగుజ్జు చుక్క సంగతీ, అది ఊగే లెక్కా నాలుగు మాటల్లో చెప్పాను. ఆయన నమ్మలేదు. "మీరే చేసి చూడుండ్రి. నేను పోయి కుప్ప కాడ నిలవడత. నన్నే దూరపు చుక్క అనుకోండ్రి" అని వెనక్కి ఉరికాను. సేటు అటూ ఇటూ చూసి, అనుమానంగా వేలు చాపాడు. ఒక కన్ను మూశాడు, ఇంకోటి మూశాడు. మెల్లగా ఆయన ముఖం విచ్చుకుంది. మళ్లీ చేశాడు. తల పక్కకు వాల్చి, పళ్లన్నీ బయటపెట్టి, మళ్లీ మళ్లీ చేశాడు.

"ఆ, గట్లనే! ఇంకోసారి!" అని నేను ఇటునుంచి ఉత్సాహపరుస్తున్నాను.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ టిఫిన్ క్యారియరుతో ఆటో దిగింది. ఒక సంగతి మీకు చెప్పడం మరిచాను. గంగాధర్ సేటు కొంచెం పొట్టి. రంగు గోధుమ వర్ణం.

"గీడేనా!" అన్న కేక యార్డు రేకులను అదరగొట్టింది. "గీ గోధుమ రంగు పొట్టోడేనా! కొండల మీద ఉంటడంటిరి, మార్కెట్లనే ఉన్నడు గద!" క్యారియర్ కిందికి పోయింది, చెప్పు పైకి వచ్చింది.

సేటు మా కుప్ప చాటుకు ఉరికాడు. "అక్కా, నేను కన్ను కొడ్తలేను! చుక్కల దూరం కొలుస్తున్న!"

"పట్టపగలు చుక్కలా? ఆగు, నేను చూపిస్త!"

కుప్ప చుట్టూ ఆయన ముందు, ఆమె వెనక. తిరుగుతూనే, ఆయాసపడుతూనే, ప్రాణభయంతో సేటు పాఠం మొదలుపెట్టాడు. "భూమి గిట్లనే తిరుగుతది అక్కా! ఆర్నెల్లకు అటు దిక్కుకు పోతది! దగ్గరి చుక్క బాగ ఊగుతది, దూరపుది జర్రంత ఊగుతది! ఊగుడు కొలిస్తే దూరం తేలుతది! ముందటికి పోవుడు దాని సొంత నడక! మరుగుజ్జంటే మనిషి కాదక్కా, మండని చుక్క!"

మా గైడు గారు కూడా నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు. మార్కెట్ అంతా నోళ్లు తెరుచుకుని విన్నది. పెద్దబాపు లేచి నిలబడ్డాడు.

"సేటూ, నిజంగ సమజయిందా?"

"అయింది! మస్తు సమజయింది! ముందుగాల గా చెప్పు దించమనుండ్రి!"

పెద్దబాపు నా వైపు తిరిగాడు. "ఇగ పో బిడ్డా, కొండలకు" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే గానీ, అందులో పసుపు దుమ్ము కూడా కొంచెం ఉంది. సేటు ఆ రోజు మా కుప్పను బేరమాడకుండా కొన్నాడు. కొన్నంతసేపూ రెండు చేతులూ జేబుల్లోనే పెట్టుకున్నాడు.

బస్సెక్కేటప్పుడు పెద్దమ్మ కిటికీ దగ్గరికొచ్చి సకినాల మూట చేతిలో పెట్టింది. "గంత దూరంల ఒక్కడే ఉంటడా బిడ్డా, గా మరుగుజ్జు? నువ్వు తిన్నంక వానికి కూడ నాలుగు పెట్టు" అంది. ఈసారి నేను సరిదిద్దలేదు.

కాబట్టి ఆర్మూర్ యార్డులోని పసుపు కొమ్ముల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనుషులున్న దిక్కుకు ఈ జన్మలో బొటనవేలు చాపను. నలుగురిలో కన్ను మూయవలసి వస్తే రెండూ కలిపే మూస్తాను. ఆకాశంలో ఉన్నదేదీ పెద్దమ్మ ముందు తెలుగు చేయను. కొలవడం మాత్రం మానను, ఎవరేమనుకున్నా సరే. ఈ మధ్య నా పని తెల్ల మరుగుజ్జుల మీదికి మళ్లింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.