అమావాస్య నాడు చూడాల్సిన జట్టు

బాస్కెట్‌బాల్‌లో ఐదు ఫౌళ్లు చేసినవాడు ఆట మధ్యలోనే బయటికి వెళ్లిపోవాలి. నేను తొమ్మిదో తరగతిలో ఐదు సబ్జెక్టులు తప్పి, ఆ నియమం ప్రకారమే బడి బయటికి వచ్చాను. ఆ తర్వాత కాలేజీ గేటు దాటి లోపలికి పోయిందల్లా విలేకరిగానే. అలాంటి నాకు, పని మానేయడానికి మూడేళ్ల ముందు, ఒక జూలై మొదటి వారంలో అనంతపురం డెస్క్ నుంచి ఫోను వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీల ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లను పోల్చి, రాబోయే సీజనులో ఎవరి అవకాశం ఎంతో అర పేజీకి సరిపడా రాయాలి.

అప్పుడు నేను హిందూపురం కంట్రిబ్యూటర్‌ని. పత్రికలో అది అన్నిటికన్నా కింది మెట్టు. పైన స్టాఫ్ రిపోర్టరు, ఆ పైన డెస్క్‌లో సబ్ ఎడిటర్లు, అందరి మీదా ఎడిషన్ ఇన్‌చార్జి. మేం పంపిన వార్తకు ఊరి పేరు వస్తుంది గానీ మా పేరు రాదు. వార్త తప్పయితే మాత్రం ఊళ్లో అందరికీ మా పేరు గుర్తొస్తుంది.

జట్టును అంచనా కట్టడానికి నాకొక పద్ధతి ఉండేది. పొద్దున ఆరింటికి ప్రాక్టీసుకు చెప్పకుండా పోవాలి. ఎవరు ఎన్ని బుట్టలు వేశారో లెక్క పెట్టకూడదు; చూసేవాడు ఉన్నాడని తెలిస్తే అందరూ వేస్తారు. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి ఎంత వేగంగా పరిగెత్తుతున్నారో చూడాలి. కిందటేడు ఆడినవాళ్లలో డిగ్రీ ముగించి వెళ్లిపోయినవాళ్లెవరు, మిగిలినవాళ్లెవరు అని అడగాలి. చివరగా బెంచీ చూడాలి. కోర్టులో ఆడేది ఐదుగురే అయినా, అలిసినవాళ్ల బదులు దిగడానికి బెంచీ మీద మనుషులు లేని జట్టు మూడో మ్యాచికే చేతులెత్తేస్తుంది.

హిందూపురం పిల్లలు పొడగర్లు, ఒకే హాస్టల్లో ఉంటారు. ఎదుటివాళ్లకు అర్థం కాకూడదని ఎత్తులన్నీ కన్నడంలో అరుస్తారు. పెనుకొండ పిల్లల్లో సగం మందికి కర్ణాటకలోని పావగడలో మేనత్తలున్నారన్న సంగతి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. పెనుకొండ కోర్టు కొండ కింద ఉంది. ఆషాఢం గాలికి బంతి పక్కకు పోతుందని వాళ్లు జానెడు ఎడంగా గురిపెట్టి వేస్తారు, లెక్క తప్పకుండా పడుతుంది. అదే అలవాటుతో గాలి లేని కోర్టులోనూ జానెడు ఎడంగా వేస్తారు.

ధర్మవరానికి ఒక మంగళవారం పోయాను. కోర్టులో ఆరుగురే ఉన్నారు. అందులో ఒకమ్మాయి ఆవులిస్తోంది, ఇంకొకమ్మాయి బూట్ల తాడు కట్టుకుంటోంది. వ్యాయామ అధ్యాపకురాలిని, అంటే అందరూ పీడీ మేడం అని పిలిచే ఆవిడను, జాబితా అడిగాను. పన్నెండు పేర్లున్నాయి. మిగతా వాళ్లు యాడ మేడం అంటే, "ఇండ్లల్లో పనులుండాయి సార్" అని మరో మాటకు పోయారు. నేనూ ఇంకో ప్రశ్న వేయలేదు. తిరుగు రైలులో కూర్చుని రాసేశాను: "ధర్మవరం: జాబితాలో పన్నెండు మంది, కోర్టులో ఆరుగురు. మిగతా ఆరుగురు పట్టుచీర మడతల్లో ఉన్నట్టున్నారు. అవకాశం: లేదు." ఆ వాక్యం మీద నాకెంత ముచ్చటంటే, పెనుకొండ స్టేషన్ వచ్చేలోపు మూడుసార్లు చదువుకున్నాను. డెస్క్‌లో వాళ్లకూ నచ్చి పెద్ద అక్షరాల్లో వేశారు.

అచ్చయిన మూడో రోజు, మా తమ్ముడి జిరాక్స్ షాపులో నా బల్ల ముందుకు ఒకమ్మాయి వచ్చింది. పేరు గాయత్రి, ధర్మవరం జట్టు కెప్టెన్, మూడో సంవత్సరం. పొద్దుటి ప్యాసింజర్‌లో వచ్చానంది. చేతిలో మా పత్రిక ముక్క.

"సార్, ఇది రాసింది మీరేనా?"

బాగుంటే నేనే, బాగాలేకపోతే డెస్క్ అన్నాను. ఆమె నవ్వలేదు. యూనివర్సిటీ పోటీలకు జట్టును పంపాలంటే ఎలిజిబిలిటీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆయన ఆ ఫారాన్ని సొరుగులో పెట్టేశారట. "పేపరోళ్లే అవకాశం లేదంటాండారు, ఇంగ మనమెందుకు పోవల్ల అన్నారు సార్. ఇంకా తొమ్మిది దినాలే గడువుండాది. నాకు ఇదే కడా సంవత్సరం."

మరి ఆరుగురే ఉన్నారు కదమ్మా అన్నాను.

"మీరు మంగళవారం వస్తే ఆరుగురే ఉంటారు. మా జట్టును చూడాలంటే అమావాస్యకు రావల్ల."

"అమావాస్యకు చంద్రుడే కనపడడు, మీరు కనపడతారా?"

"చంద్రునికి మగ్గం లేదు సార్. మాకుండాది."

అప్పుడు చెప్పింది. పెద్ద అంచు చీర నేసేటప్పుడు గుంతమగ్గంలో కూర్చున్న మనిషికి పక్కన ఇంకొకరు ఉండాలి, అంచు వైపు నుంచి నూలు కండె ఉన్న నాడె అందించడానికి. ధర్మవరంలో చాలా ఇండ్లల్లో పొద్దుపూట ఆ పని ఆడపిల్లలదే. అందుకని జట్టును రెండు సగాలు చేసుకున్నారు. ఒక సగం కోర్టుకొస్తే ఇంకో సగం మగ్గం దగ్గర, మర్నాడు తారుమారు. అమావాస్య నాడు ఎవరూ మగ్గంలో దిగరు. ఆ ఒక్కరోజే పన్నెండు మందీ కలిసి ఆడతారు. పీడీ మేడం ఎందుకు చెప్పలేదంటే, ఇంటి పని పేపర్లో పడితే నాయనలకు చిన్నతనమని.

ఆ అమావాస్య నాలుగు రోజుల్లో ఉంది. మొదటి రైలుకు పోయాను.

కోర్టు గోడ వెంబడి జనం ఉన్నారు. మగ్గాలు ఆగిన రోజు కదా, పిల్లల నాయనలూ అమ్మలూ వచ్చారు. నాకు కాస్త చోటిచ్చి జరిగిన మనిషి గాయత్రి నాయన, నాగభూషణం. నేనెవరో తెలిశాక, కోర్టు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "చీర మడతల్లో ఆరుగురున్నారని రాసినావే అప్పా, అందులో ఒకర్తిని మడత పెట్టింది నేనే." కోపం లేదు ఆ గొంతులో. అది ఉంటే నాకు సులువుగా ఉండేది. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే నా భుజం తట్టి, "అదిగో, మా పాప చూడు" అన్నాడు.

చూశాను. రోజూ ఒకే ఐదుగురు కలిసి ఆడే అదృష్టం లేదు కాబట్టి, ఆ పిల్లల్లో ప్రతి ఒక్కరికీ అన్ని స్థానాలూ వచ్చు. ఒక సగం అలిసేసరికి రెండో సగం దిగుతోంది. దిగినవాళ్లు ఎక్కడ నిలబడాలో ఎవరూ అరిచి చెప్పడం లేదు. బంతి పోతే పది అడుగులు వేసేలోపు అందరూ వెనక ఉన్నారు. బెంచీ లేదని నేను రాసిన జట్టుకు, మూడు కాలేజీల్లోకీ మంచి బెంచీ ఉంది.

ఇక దిద్దుబాటు. పత్రికలో పేరు తప్పు పడితే, తేదీ తప్పు పడితే లోపలి పేజీలో అడుగున సవరణ వేస్తారు. ఎడిషన్ ఇన్‌చార్జి ఫోనులో, అంచనాకు సవరణ ఉండదన్నారు. "జ్యోతిష్యానికి సవరణ వేస్తామా అప్పా?" అని నవ్వారు. మళ్లీ చూసి వచ్చానని కొత్త వార్త రాస్తానన్నాను. అట్లయితే ముందు రాసింది తప్పని నీ పేరుతోనే రాయాలి, పత్రిక పేరుతో కాదు అన్నారు. సరేనన్నాను. అలా నా ఉద్యోగ జీవితంలో మొదటి బైలైన్, అంటే వార్త మీద రాసినవాడి పేరు, నా తప్పు మీద వచ్చింది. "ధర్మవరం జట్టును నేను తప్పు రోజున చూశాను" అని మొదలుపెట్టాను. మగ్గం సంగతి రాయనా అని నాగభూషణాన్ని ముందే అడిగాను. "రాయి, పని చేసేదానికి సిగ్గేముండాది" అన్నాడు. ఉత్సాహంలో ఈ జట్టు ఫైనల్‌కు వస్తుందని కూడా రాసిపడేశాను.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సంతకం చేశారు.

పోటీల్లో ధర్మవరం పిల్లలు మొదటి మ్యాచిలో పెనుకొండను గెలిచారు. సెమీఫైనల్లో హిందూపురం పొడగర్ల చేతిలో ఓడారు. చివరి నిమిషం దాకా వదల్లేదు, గాయత్రి నాలుగు ఫౌళ్లతోనే ఆట ముగించింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్నదే. రానివాళ్లను లెక్కపెట్టడం విలేకరి పనిలో సగం. ఎందుకు రాలేదని అడగడం మిగతా సగం. ఆ తర్వాత ఏ జట్టును చూడబోయినా, మీరంతా కలిసి ఉండే రోజేదని ముందు అడిగేవాణ్ణి.

సెమీఫైనల్ అయ్యాక గాయత్రి బూట్లు విప్పుకుంటుంటే పక్కన నిలబడ్డాను. "అమ్మా, రెండోసారి కూడా నా అంచనా తప్పింది. మీరు ఫైనల్‌కు వస్తారని రాసినా" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మొదటిసారి మీరు తప్పు రాస్తే మేము ఆడకుండా పోతాంటిమి సార్. ఈసారి మేము ఆడి మిమ్మల్ని తప్పు చేసినాం. ఇదే బాగుండాది."